నమూనా రైలుకు తేదీ కావాలి

పిల్లలు మొట్టమొదట తయారుచేయదలచే యంత్రాలలో రైలుబండి ఒకటి. అగ్గిపెట్టెలను దారంతో కట్టి లాగే బండి మొదలు, విద్యుత్తుతో పట్టాలమీద తనంతట తానే పరుగెత్తే బండి వరకు దీనికి ఎన్నో మెట్లు ఉన్నవి. పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో స్టేషను, సిగ్నలు, వంతెన, సొరంగాలతో కూడిన రైలు నమూనాకు ఎప్పుడూ ప్రేక్షకులు ఎక్కువ. దీపాలు వెలుగుతవి, గేటు పడుతుంది, బండి కూత వేస్తుంది. చూసినవారు మెచ్చుకుంటారు. న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. అయితే, ఆ నమూనా ఏ సంవత్సరానికి చెందినదని అడిగేవారు మాత్రం చాల తక్కువ.

ఇది అడగవలసిన ప్రశ్నే. బొమ్మకు, నమూనాకు భేదం ఉన్నది. బొమ్మ ఆడుకోవటానికి. దానికి ఊరూ లేదు, పేరూ లేదు, తేదీ అంతకన్నా లేదు. ఎర్ర ఇంజనుకు పచ్చపెట్టె తగిలించినా ఎవరూ తప్పు పట్టరు. నమూనా అట్లా కాదు. అది ఒక వాస్తవ వస్తువును గురించి మనం చేసే ప్రకటన. "ఇది జహీరాబాదు స్టేషను" అని చీటీ పెట్టిన క్షణం నుండి, ఆ ప్రకటన నిజమా కాదా అన్న పరీక్షకు అది లోబడి ఉండాలి. భూగోళపు నమూనాలో సముద్రాన్ని తప్పుచోట పెడితే ఉపాధ్యాయుడు ఊరుకోడు. రైలు నమూనాలో మాత్రం ముప్ఫై యేళ్ల తరువాత వచ్చిన పెట్టెను ముందే పరుగెత్తిస్తే ఎందుకు ఊరుకోవాలి?

జహీరాబాదునే ఉదాహరణగా తీసుకుందాం. వికారాబాదు దగ్గర ప్రధానమార్గం నుండి చీలి, జహీరాబాదు, బీదరు, ఉద్గీరుల మీదుగా పర్లీ వైజనాథ్ వరకు పోయే బ్రాడ్‌గేజి మార్గంపై ఈ స్టేషను ఉన్నది. 1930 ప్రాంతంలో నిజాము రాష్ట్రపు రైల్వే ఈ మార్గాన్ని వేసినది. ఆ రైల్వే 1950లో భారత ప్రభుత్వం చేతిలోకి వచ్చి, 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. ఊరు కూడ 1956 వరకు బీదరు జిల్లాలోను, ఆ తరువాత మెదకు జిల్లాలోను, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోను ఉన్నది. స్టేషను కదలలేదు. దాని చుట్టూ ఉన్న పేర్లు, యజమానులు, బండ్లు మారినవి. కాబట్టి "జహీరాబాదు స్టేషను" అన్న చీటీ సగం ప్రకటన మాత్రమే. "ఎప్పటిది?" అన్నది మిగిలిన సగం.

ఇప్పుడొక నమూనాను ఊహించుకుందాం. చీటీమీద "1965లో జహీరాబాదు" అని ఉన్నది. తుపాకిగుండువలె ముక్కు పొడుచుకువచ్చిన ఆవిరి ఇంజను, దాని వెనుక నాలుగు నీలిరంగు పెట్టెలు, పెట్టెలపై దక్షిణ మధ్య రైల్వే సంకేతాక్షరాలు, పట్టాల పైన విద్యుత్తు తీగలు. చూడటానికి సుందరంగా ఉన్నది. పనితనం కూడ మెచ్చదగినది. కాని చీటీతో పోల్చి చూస్తే ఒక్కొక్కటీ నిలదీయవలసినదే.

మొదట అక్షరాలు. 1965 నాటికి దక్షిణ మధ్య రైల్వే పుట్టలేదు. ఆ మార్గం అప్పుడు సెంట్రల్ రైల్వేది. తప్పు ఒక్క సంవత్సరమే కదా అనవచ్చు. కాని ఒక్క సంవత్సరమైనా ఇంకా లేని వస్తువు లేనిదే.

తరువాత తీగలు. 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తును దేశంలోని రైళ్లకు ప్రమాణంగా ఎన్నుకున్నది 1957లో. అయినా ఆ తీగలు అన్ని మార్గాలకు ఒక్కసారిగా రాలేదు. వికారాబాదు–పర్లీ మార్గానికి 2000 సంవత్సరం నాటికి కూడ అవి రాలేదు. ఒక వస్తువు దేశంలో ఉండటం వేరు, మన ఊరికి రావటం వేరు.

ఇక నీలిరంగు పెట్టెలు. మద్రాసులోని పెరంబూరు కర్మాగారం 1955 అక్టోబరు 2న ప్రారంభమైనది. అక్కడ తయారైన ఉక్కుపెట్టెలు 1965లో ఉన్నవి. కాని వాటి రంగు ముదురు ఎరుపు. నీలిరంగు 1990ల నాటిది, గాలి బ్రేకులున్న పెట్టెలకు గుర్తుగా వ్యాపించినది. అంటే ఇక్కడ రంగు కేవలం అలంకారం కాదు, దాని క్రింద భౌతికశాస్త్రం ఉన్నది. పాత పెట్టెలలో శూన్య బ్రేకు ఉండేది. గొట్టంలో నుండి గాలిని తోడి 510 మిల్లీమీటర్ల పాదరసమంత శూన్యాన్ని నిలిపేవారు. బ్రేకు వేయటమంటే ఆ గొట్టంలోకి బయటి గాలిని రానివ్వటమే. అప్పుడు పిస్టనుపై పడే పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 0.69 కిలోగ్రాములు. ఎంత తోడినా అది వాతావరణ పీడనాన్ని, అనగా సుమారు 1.03 కిలోగ్రాములను, మించలేదు. గాలి బ్రేకులో గొట్టంలోని గాలి 5 కిలోగ్రాముల పీడనంతో ఉంటుంది. బ్రేకు సిలిండరులో 3.8 కిలోగ్రాముల వరకు లభిస్తుంది. ఇది పాతదానికి అయిదున్నర రెట్లు. కావున అంతే బలానికి సిలిండరు వ్యాసం సగానికంటె తక్కువైనా చాలు. పెట్టె అడుగున వేలాడే సిలిండరు పరిమాణం, పెట్టె చివర కనిపించే గొట్టాల తీరు — ఇవన్నీ ఈ మార్పుతో మారినవే. నీలిరంగు వేసి 1965 అని వ్రాసినవాడు రంగును మాత్రమే కాదు, బ్రేకును కూడ ముప్ఫై యేళ్లు ముందుకు జరిపినాడు.

చివరకు ఇంజను. గుండుముక్కు ఇంజను డబ్ల్యు.పి. తరగతికి చెందినది, మన దేశానికి 1947లో వచ్చినది. 1965లో అది నిశ్చయంగా ఉన్నది. అయితే ఈ మార్గంపై నడిచినదా అన్నది వేరే ప్రశ్న. దాని ఒక్కొక్క ఇరుసుపై సుమారు 18.5 టన్నుల బరువు పడుతుంది. తేలికపాటి పట్టాలున్న మార్గాలకోసమే, ఇరుసుకు 17 టన్నులకు లోబడిన డబ్ల్యు.ఎల్. తరగతిని 1955లో తెప్పించినారు. ఇంజనును ఎన్నుకునేవారు ముందు అది ఎంత అందంగా ఉన్నదని కాక, ఆ పట్టాలు, ఆ వంతెనలు దానిని మోయగలవా అని అడగాలి. మరికొందరు వై.పి. తరగతి ఇంజనును పెడతారు. అది మీటరుగేజి ఇంజను. సికిందరాబాదు నుండి మన్మాడు వరకు ఒకప్పుడు ఉన్న మీటరుగేజి మార్గానికి అది తగును గాని, జహీరాబాదు పట్టాలపై దాని చక్రాలు నిలువనే నిలువవు.

తప్పులు ఎంచటం సులభం. సరియైనదానిని ఎన్నుకునే పద్ధతి చెప్పనిదే విమర్శ పూర్తి కాదు. ఆ పద్ధతి భూగర్భశాస్త్రం చదివినవారికి తెలిసినదే. ఒక శిలాస్తరంలో ఎన్నో రకాల శిలాజాలు దొరికితే, ఆ స్తరం వాటిలో అన్నింటికన్న తరువాత పుట్టిన జీవికంటె పాతది కాజాలదు. అన్నింటికన్న ముందు నశించిన జీవికంటె కొత్తదీ కాజాలదు. రైలు నమూనా కూడ ఇట్టిదే. ప్రతి వస్తువుకు రెండు తేదీలు వ్రాయాలి: ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది. వచ్చిన తేదీలలో చివరిది ఒక హద్దు; పోయిన తేదీలలో మొదటిది రెండవ హద్దు. ఈ రెంటి నడుమనే నమూనా బ్రతకాలి.

ఉదాహరణకు, పెరంబూరు పెట్టె 1955 తరువాతది. పెట్టెపై మూడవ తరగతి గుర్తు ఉన్నదనుకుంటే, ఆ తరగతి 1974లో రద్దయినది. కావున నమూనా కాలం 1955–1974. దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు చేర్చితే హద్దు బిగిసి 1966–1974 అవుతుంది. దానికి ఆవిరి ఇంజను తగిలించినా ఇబ్బంది లేదు. బ్రాడ్‌గేజిపై ఆవిరి బండ్లు 1995 డిసెంబరు వరకు నడిచినవి. డీజిల్ ఇంజను పెట్టినా తప్పనలేము, డబ్ల్యు.డి.ఎం.-2 తరగతి 1962లోనే వచ్చినది. కాని ఒక్క నీలిపెట్టె చేర్చండి: మొదటి హద్దు 1990లకు పోతుంది, రెండవ హద్దు 1974లోనే ఉండిపోతుంది. నడుమ ఒక్క రోజు కూడ మిగలదు. గణితంలో దీనినే శూన్యసమితి అంటాము. అట్టి బండి ఏ తేదీనా, ఏ స్టేషనులోనూ నిలువలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత వస్తువు కొత్తకాలంలో కనిపించటం తప్పు కాదు. రైలుపెట్టె ఆయుర్దాయం పదుల సంవత్సరాలు. కొత్తవి ముందుగా ముఖ్యమైన బండ్లకు పోవటం, పాతవి శాఖామార్గాలకు రావటం సహజం. 1965 నాటి జహీరాబాదు బండిలో పెట్టెలన్నీ సరికొత్తవిగా, ఒకే అచ్చున పోసినట్లు ఉంటేనే అనుమానించాలి. తేదీకి లొంగిన నమూనా అంటే అన్నీ ఒకే వయస్సువని కాదు; రాబోయే కాలానిది ఏదీ లేదని.

ఐరోపాలో నమూనాకారులు ఈ పనిని సులభం చేసుకున్నారు. నెం 800 అనే ప్రమాణం క్రింద కాలాన్ని యుగాలుగా విభజించి, రోమను అంకెలు వేసి, అమ్మే నమూనాలకు సాధారణంగా ఆ అంకెను సూచిస్తారు. పద్ధతి అనుకరించదగినది. కాని వారి హద్దులు వారి చరిత్రవి. రెండవ ప్రపంచయుద్ధం ముగియటం వారికొక గీటు. మనకు 1950–51, 1966, 1974, గాలి బ్రేకులు వచ్చిన కాలం గీట్లు అవుతవి. పెట్టెపై "మూడవ యుగం" అని ఉన్నంతమాత్రాన జర్మను పెట్టె 1960ల జహీరాబాదుకు తగదు. అంగళ్లలో చవకగా దొరికే అమెరికా మాదిరి బండికి పెట్టెల చివర రెండు ప్రక్కలా బఫర్లే ఉండవు. మన పాత ప్రయాణీకుల పెట్టెలకు అవి తప్పనిసరి.

కొలతల విషయంలోనూ ఇట్టి చిక్కే ఉన్నది. లోకంలో విరివిగా దొరికే హెచ్.ఓ. నమూనాలు 87వ వంతు పరిమాణానివి. వాటి పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు, 1,435 మిల్లీమీటర్ల ఐరోపా గేజికి అది సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంగడి పట్టాలపై మన పెట్టెను నిలిపితే, పెట్టె విశాలంగా, కాళ్లు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుంది. పొడవు చూస్తే, పెరంబూరు పెట్టె 21.3 మీటర్లు, నమూనాలో 245 మిల్లీమీటర్లు. 2000లో జర్మనీ నుండి వచ్చిన ఎల్.హెచ్.బి. రకం 23.5 మీటర్లు, నమూనాలో 270. రంగు మార్చి ఒకదానిని రెండవదిగా చెలామణి చేయాలంటే ఈ 25 మిల్లీమీటర్లు అడ్డు నిలుస్తవి.

"ఇంత సూక్ష్మం అవసరమా? పిల్లల ఉత్సాహం చల్లారిపోదా?" అని కొందరు ఉపాధ్యాయులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో నిజం ఉన్నది. ప్రతి మేకునూ లెక్కపెట్టి ఎదుటివాని పనిని చిన్నబుచ్చేవారు ఈ అభిరుచికి మేలు చేయరు. డబ్బు సంగతి కూడ ఉన్నది. విదేశీ నమూనాలు కొనగల పాఠశాలలు ఎన్ని? కాని తేదీకి డబ్బుతో పనిలేదు. అట్టముక్కలతో చేసి ముదురు ఎరుపు రంగు వేసిన పెట్టె, వేలరూపాయలు పోసి కొన్న నీలిపెట్టెకంటె 1965కు సత్యమైనది. సరిచేయలేని తప్పును దాచకుండా చీటీమీద వ్రాయవచ్చు: "పట్టాల ఎడం అసలుకంటె తక్కువ, పట్టాలు అంగడివి." ప్రయోగశాలలో కొలతతోపాటు దోషపరిమితిని కూడ వ్రాసే అలవాటే ఇది. తప్పు చేయటం వేరు, తప్పును తెలిసి చెప్పటం వేరు.

ఇందులో అసలు నష్టం మార్కులది కాదు. నేటి విద్యార్థులు ఆవిరి బండిని పట్టాలపై నిత్యం నడవగా చూడలేదు. మూడవ తరగతి పెట్టె ఎక్కలేదు. పెరంబూరులో పాతరకం పెట్టెల తయారీ కూడ 2018లో ఆగిపోయినది. వారికి ఆ కాలం తెలిసేది నమూనాలు, చిత్రాలు, పెద్దల మాటల ద్వారానే. నమూనా అబద్ధం చెబితే దానిని ఖండించే జ్ఞాపకం వారికి లేదు. ఖండించగలిగిన పెద్దలు, అనగా ఆ బండ్లపై పనిచేసినవారు, వాటిలో ప్రయాణం చేసినవారు, ఏటేటా తగ్గిపోతున్నారు.

కాబట్టి నమూనా పని రంపంతో కాదు, ప్రశ్నతో మొదలుకావాలి. విద్యార్థులు ముందుగా ఒక సంవత్సరాన్ని ఎన్నుకోవాలి. తరువాత ఊరిలోని విశ్రాంత రైల్వే ఉద్యోగుల వద్దకు పోయి, ఏ ఇంజను వచ్చేది, ఎన్ని పెట్టెలుండేవి, నీళ్లు ఎక్కడ పట్టేవారని అడగాలి. ఇండ్లలోని పాత ఛాయాచిత్రాలలో వెనుక నిలిచిన బండిని వెదకాలి. వీలైతే కాచిగూడ స్టేషనులోని రైల్వే మ్యూజియాన్ని చూడాలి. ఒక్కొక్క వస్తువుకు రెండు తేదీల పట్టిక తయారుచేసి నమూనా ప్రక్కన వ్రేలాడగట్టాలి. న్యాయనిర్ణేతలు దీపాలను, కూతను మెచ్చుకోవటానికి ముందు ఆ పట్టికను చదవాలి.

అట్లా తయారైన నమూనాలో బండి ఒకవేళ కదలకపోయినా ఫరవాలేదు. ఒక ముసలి గార్డు దాని ముందు నిలబడి, "అవును, ఇట్లాగే ఉండేది" అంటే, ఆ విద్యార్థులు పరీక్షలో నెగ్గినట్లే.