మణికట్టు మీద జాపత్రి

డిసెంబరు పొద్దున ప్రగతి నగర్ అంబీర్ చెరువు పక్కన నడుస్తుంటే నా స్వెట్టర్ చేతిలోంచి నాకే ఒక వాసన తగులుతుంది. ముందురోజు మణికట్టుకి రాసుకున్న షమామా అత్తరు. లవంగం ఘాటు రాత్రికే తగ్గిపోతుంది. పొద్దుటికి మిగిలేది గంధం, దాని వెనకాల తడినేలలోంచి అప్పుడే పీకిన తుంగగడ్డ వాసన.

దీన్ని మొదటిసారి కొన్నది చార్మినార్ దగ్గర. జేఎన్టీయూలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాను. మావారికి ఇద్దామని వెళ్లినదాన్ని. దుకాణంలో పెద్దాయన సీసా మూతకున్న గాజుపుల్లని నా చేతి వెనక ఒక్కసారి ఆనించి, "రుద్దకమ్మా, దాని మానాన దాన్ని వదిలెయ్" అన్నాడు. ఇది మగవాళ్లదా, ఆడవాళ్లదా అని అడిగాను. "చలికాలానిదమ్మా" అన్నాడు.

అత్తరు లెక్క అదే. ఎండాకాలానికి వట్టివేరు, గులాబీ, మల్లె, మొదటి వాన పడ్డ మట్టిని గుర్తుచేసే మిట్టీ. చలికి ఊద్, హీనా, షమామా. ఒంటికి చలవ చేసేది ఒకటి, వెచ్చదనం ఇచ్చేది ఒకటి. మాల్‌లో మగవాళ్ల అర, ఆడవాళ్ల అర అని విడదీసి, ఆ రెండూ కానివాటికి యూనిసెక్స్ అని పేరు పెట్టారు. అత్తరు దుకాణానికి ఆ పేరుతో ఎప్పుడూ పని పడలేదు.

షమామాలో పడే దినుసులు నలభై దాటుతాయంటారు. ఏ ఇంటి పాళ్లు ఆ ఇంటివే, బయటికి చెప్పరు. కానీ ముఖ్యమైనవి మనకి కొత్తవేం కావు. ఏలకులు, లవంగాలు, జాజికాయ, జాపత్రి మన వంటింట్లోవే. జటామాంసి అమ్మమ్మల తలనూనెలోది. గంధకచ్చూరాలు, తుంగముస్తెలు సున్నిపిండిలోవి. వీటితోపాటు రాతిపువ్వు. బిర్యానీలో వేసే ఆ బూడిదరంగు రేకు నిజానికి పువ్వు కాదు, చెట్ల మీదా రాళ్ల మీదా పెరిగే లైకెన్. ఫ్రాన్సులో 1917లో కోటీ తెచ్చిన షీప్ర్ అనే సెంటుకి కూడా అడుగున ఉన్నది ఓక్ చెట్ల మీద పెరిగే లైకెన్ వాసనే. రెండు దేశాల వాళ్లూ పరిమళానికి అడవి నీడ కావాలనుకుని దాదాపు ఒకే చోటికి వెళ్లడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

తయారయ్యేది మాత్రం ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో దినుసులు, నీళ్లు పోసి మూతపెట్టి, ఆవిరి పోకుండా అంచు చుట్టూ బంకమట్టి మెత్తుతారు. మూతలోంచి ఒక వెదురు గొట్టం కిందికి దిగి, చల్లటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన భప్కా అనే రాగి బిందెలోకి వెళుతుంది. ఆ బిందెలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. కింద కట్టెల మంట. ఆవిరి గొట్టం దాటి బిందెలో చల్లబడి, తన వాసనని నూనెకి అప్పగిస్తుంది. థర్మామీటర్ ఉండదు. పనివాడు బిందెని చేత్తో తడిమి చూస్తాడు. వేడెక్కిందంటే మంట తగ్గించాలి, లేదా బిందె మార్చాలి. మంట ఎక్కువైతే దినుసులు మాడిన వాసన నూనెలోకి దిగుతుంది, ఇక దాన్ని తియ్యలేరు. తేరుకున్నాక అడుగున చేరిన నీటిని వంపేసి, మర్నాడు మళ్లీ అదే నూనె మీదికి కొత్త ఆవిరి పంపుతారు. ఇలా రోజులకి రోజులు. చివర్లో తోలు కుప్పెల్లో పోసి ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా బయటికి పోతుంది.

స్ప్రే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది. అది ఎగిరిపోతూ వాసనని గదంతా మోసుకుపోతుంది. గంధపు నూనె నెమ్మది, చర్మాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే ఐటీ ఆఫీసు ఏసీలో పదిమంది భుజాలు రాసుకుంటూ కూర్చునే చోట షమామా ఎవరినీ ఇబ్బంది పెట్టదు, పక్కకొచ్చి కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. దీన్ని రాసుకున్నప్పుడల్లా నాకు ఒక రకం మనిషి గుర్తొస్తారు. మొదటి పరిచయంలో కాస్త గట్టిగా, ఘాటుగా మాట్లాడి, గంట గడిచాక మన ఇంటి సంగతులన్నీ ఓపిగ్గా వినే మనిషి. అలాంటి మగవాళ్లున్నారు, అలాంటి ఆడవాళ్లున్నారు.

ఈ మోజు తెలుగునాట నిన్నటిది కాదు. 14వ శతాబ్దం చివర్లో కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు జరిపించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయ్య శెట్టిది సముద్రాల అవతలి నుంచి సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తక కుటుంబం.

అసలు గంధపు నూనె ఖరీదు బాగా పెరిగాక దాని బదులు పారఫిన్ నూనె వాడే అత్తర్లు బజారు నిండా వచ్చాయి. నేనూ ఒకచోట మోసపోయాను. రాసుకోగానే గుప్పుమంది, మధ్యాహ్నానికి ఏమీ లేదు. పొద్దున రాసి మళ్లీ సాయంత్రం వాసన చూడకుండా తులం ధర అడక్కండి.

మావారు ఆ మొదటి సీసా రెండుసార్లు రాసుకున్నారేమో, మిగతాదంతా నేనే. సంక్రాంతికి ఊరినుంచి వచ్చిన మా అమ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "జాపత్రి నూరావా?" అంది. కాదని చెప్పి చిన్న దూదిపింజకి రాసి ఇచ్చాను. ఎవరూ నేర్పకుండానే దాన్ని చెవి మడతలో పెట్టేసుకుంది. వాళ్ల ఊరికి తోలుసంచితో వచ్చే అత్తరు సాయిబు పిల్లలందరికీ అలాగే పెట్టేవాడట.