తుపాను ప్రాంతపు ఇళ్ళు: ప్రమాణ గ్రంథాలపై ఒక విమర్శ

ఇల్లు కూలిన తరువాత గాలిని నిందించడం మనకు అలవాటు. ఆ ఇంటిని ఏ లెక్క ప్రకారం కట్టారని అడిగేవారు తక్కువ. ఆ లెక్కను చెప్పే గ్రంథాలు మన దేశంలో లేకపోలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ, భవనాలపై గాలి కలిగించే భారాన్ని గూర్చి ఐ.ఎస్. 875 మూడవ భాగాన్ని (2015 నాటి సవరణ), తక్కువ ఎత్తు గల కట్టడాల తుపాను నిరోధాన్ని గూర్చి ఐ.ఎస్. 15498ని (2004) వెలువరించింది. కోస్తా ప్రజల ప్రాణాలతో ముడిపడిన ఈ రెంటిని ఇంజనీర్లే కాక సామాన్య పాఠకులు కూడ పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా వీటి గుణాలను చెప్పుకొందాము. మొదటి గ్రంథం దేశాన్ని సెకనుకు 33 మొదలు 55 మీటర్ల వరకు ఆరు గాలి మండలాలుగా విభజించింది. ఈ వేగం నేలకు 10 మీటర్ల ఎత్తున మూడు సెకన్లపాటు వీచే విసురుకు సంబంధించినది. విశాఖపట్నానికి ఇది 50 మీటర్లు. అనగా గంటకు 180 కిలోమీటర్లు. వేగపు వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. ఇక్కడ అది 1500 న్యూటన్లు; సుమారు 150 కిలోల బరువుకు సమానం. సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకు ఇరవై కిలోలైనా ఉండదు. గాలి కప్పును క్రిందికి అణచుతుందని చాలమంది తలుస్తారు గాని, వాలు తక్కువైన కప్పును అది పైకి పీల్చుతుంది. అందుచేత రేకు తన బరువు వల్ల కాక, బిగింపు వల్లనే నిలవాలి.

కిటికీ విషయం కూడ ఈ గ్రంథం చక్కగా పట్టుకొన్నది. మూసిన ఇంట్లో లోపలి ఒత్తిడి గుణకం 0.2. గాలివైపు తలుపులు, కిటికీలు ఊడి పెద్ద సందు ఏర్పడితే అది 0.7 కాగలదు. పైనుండి పీల్చే బలానికి లోపలినుండి నెట్టే బలం తోడవుతుంది. కిటికీ గడియ బలహీనమైనప్పుడు కప్పు ఎగిరిపోవడానికి కారణం ఇదే. రెండవ గ్రంథం నాలుగు వైపులా వాలిన కప్పు మేలని, వాలు 22 నుండి 30 డిగ్రీలుంటే పీల్పు తగ్గుతుందని, కప్పునుండి పునాది వరకు ప్రతి భాగాన్నీ మరొకదానితో గట్టిగా బిగించాలని చెప్పడం ఎంతో ప్రశంసనీయం.

ఇక లోపాలు. మ్యాపులోని వేగాలను తుపానులు తరచు మించుతున్నవని, తీరంనుండి సుమారు 60 కిలోమీటర్ల మేర ఈ ప్రభావం ఉంటుందని మొదటి గ్రంథమే ఒప్పుకొన్నది. అందుకు పరిహారంగా ఆస్పత్రులు, తుపాను ఆశ్రయాలు మొదలైనవాటికి వేగాన్ని 1.30తోను, పరిశ్రమల కట్టడాలకు 1.15తోను హెచ్చించమన్నది. మిగిలినవాటికి గుణకం 1.00 మాత్రమే! ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించేది కనుక ఆస్పత్రికి 1.69 రెట్లు బలం లభిస్తుంది. జాలరి ఇంటికి ఏమీ లభించదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ నిలకడ వేగమే గంటకు సుమారు 180 కిలోమీటర్లు. విసురులు అంతకు మించినవని వేరుగా చెప్పనక్కరలేదు.

పేదవాని ఇంటికి అంత ఖర్చు తగదని సమాధానం రావచ్చు. కాని చిన్న ఇల్లు చాలసార్లు పాడయ్యేది బిగింపుల వద్దనే. జె ఆకారపు బోల్టుకు బదులు యు ఆకారపు బోల్టు వాడడం, చూరు వెంబడి, మూలల వద్ద బోల్టులను దగ్గరగా వేయడం గోడలను మందంగా కట్టడమంత ఖర్చుగలవి కావు. కనీసం బిగింపులకైనా హెచ్చు గుణకాన్ని ఎందుకు విధించరాదు?

రెండవ లోపం నీటికి సంబంధించినది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది ప్రధానంగా ఉప్పెన. సెకనుకు 3 మీటర్ల వేగంతో ప్రవహించే నీరు గోడకు తగిలితే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 4500 న్యూటన్లు. మనం పైన లెక్కించిన గాలి ఒత్తిడికి మూడింతలు! గాలికి చూపినంత వివరమైన లెక్క ఈ గ్రంథాలలో ఉప్పెనకు కానరాదు. గాలికి నిలిచిన ఇల్లు నీటికి నిలుస్తుందన్న భ్రమకు ఇది తావిస్తుంది.

మూడవది భాష. తీరంలోని చిన్న ఇళ్ళు చాలవరకు ఇంజనీరు పటం లేకుండ మేస్త్రీ అనుభవంతోనే లేస్తున్నవి. అతనికి గుణకాలతో పని లేదు. ఎన్ని అంగుళాలకొక బోల్టు, వాసాన్ని గోడకు ఎట్లా కట్టాలి అన్నవి కావాలి. పై గ్రంథాల సారాన్ని బొమ్మలతో, తెలుగులో, పది పుటలలో ముద్రించి ప్రతి తీరగ్రామ పంచాయతీకి అందజేయవచ్చు. ఇంటికి ప్రభుత్వ సహాయం మంజూరు చేసేటప్పుడు సిమెంటు బస్తాలతోపాటు బోల్టులను కూడ లెక్కించే పద్ధతి రావాలి. ప్రమాణం కాగితంపై ఎంత శాస్త్రీయమైనా, కప్పు ఎక్కి బోల్టు బిగించేవానికి తెలియనంతవరకు దానివల్ల ప్రయోజనం స్వల్పమే.