పాల బిల్లులో లేని కోత

చౌడేపల్లెలో పాల బిల్లు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? పూటపూటకీ లీటర్లు, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాలు చూపే ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు వరసగా ఉంటాయి. అడుగున కోతలు. దాణా మూటకింత, ఆవు కొన్న అప్పు కంతుకింత. పోగా మిగిలింది ఖాతాలో పడుతుంది. అన్ని కోతలున్న ఆ కాగితంలో ముసలితనం కోత మాత్రం లేదు.

పీఎఫ్ ఉన్న ఉద్యోగికి అది అడక్కుండానే జరిగిపోతుంది. మూలవేతనం, డీఏల మీద 12 శాతం పట్టుకుంటారు, యజమానీ తన వాటా కడతాడు. అదే ఉద్యోగి ఇంట్లో రెండు సీమావులు కట్టేసినా, సాయంత్రం ట్యూషన్ చెప్పినా, ముహూర్తాల్లో పెళ్లి ఫొటోలు తీసినా ఆ డబ్బులోంచి పట్టుకునేవాడు లేడు. ఈ కాలమ్‌కి నాకొచ్చే పారితోషికమూ అంతే. పై సంపాదన కదా అని పైపైనే ఖర్చయిపోతుంది. అందుకే ఆ కోతేదో మనమే పెట్టుకోవాలి, అదీ డబ్బు ఇంట్లోకి రాకముందే.

"ఎందుకన్నా ఇవన్నీ, పిలకాయలు చూడరా? గవర్నమెంటోళ్లు నాలుగు వేలు ఇస్తా ఉండారు కదా" అంటుంది మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె. నిజమే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000. కానీ దానికి భూమి, కరెంటు బిల్లు, కారు, పన్ను అన్నీ జల్లెడ పడతారు. పైగా రూపాయి విలువ ఉన్నచోట ఉండదు. 2009లో డ్వాక్రా మహిళలకు అభయహస్తం పెట్టినప్పుడు సభ్యురాలు రోజుకో రూపాయి, ప్రభుత్వం మరో రూపాయి వేస్తే 60 దాటాక నెలకు కనీసం రూ.500 అన్నారు. ఆ ఐదొందలకి ఇవాళ దాణా మూట రాదు.

ఏ పథకం మంచిది అని అడుగుతారు గానీ, మన డబ్బు ఎలా వస్తుందో ముందు చూసుకోవాలి. పాల డబ్బు తెంపు లేకుండా వస్తుంది. దానికి 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన సరిపోతుంది. 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరాలి. 60 తర్వాత నెలకు రూ.5,000 కావాలంటే 18 ఏళ్లవాళ్లు నెలకు రూ.210, 30 ఏళ్లవాళ్లు రూ.577, 40కి చేరితే రూ.1,454 కట్టాలి. ఖాతాలోంచి బ్యాంకే పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లని 2022 అక్టోబరు నుంచి చేర్చుకోవడం లేదు.

టమాటా డబ్బు అలా రాదు. 2023 జూలై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో కిలో రూ.200 దరిదాపులకు పోయింది. ధర పడిపోయిన ఏడు అదే కాయ రోడ్డు పక్కన పారబోస్తారు. ఇలాంటి రాబడికి నెలనెలా కంతు ఉరితాడే. పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) మేలు. ఏడాదికి కనీసం రూ.500, గరిష్ఠం రూ.లక్షన్నర. ఆ మధ్యలో చేతిలో ఉన్నప్పుడు ఉన్నంత. గడువు 15 ఏళ్లు, 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పితే ఏడాదికి 24 కదా అనేవాళ్లుంటారు. అసలు తిరిగొస్తేనే ఆ 24! పీపీఎఫ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. అప్పులవాళ్లు కోర్టుకెక్కినా ఆ సొమ్మును జప్తు చేయించలేరు. మండీ వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవాళ్లకి దాని విలువ తెలుసు.

2009లో అందరికీ తెరిచిన జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్ కూడా ఉంది. షేర్లు, బాండ్లలో పెడతారు కాబట్టి హెచ్చుతగ్గులుంటాయి. ఏళ్ల తరబడి చాలామటుకు చెయ్యి పెట్టనివ్వరు. అదే దానికి లోపమంటారు. మేనకోడలి పెళ్లికీ, బోరు దించడానికీ చీటీ పాడుకుని ఖాళీ అయిన ఇళ్లను చూశాక నేనైతే అదే మేలంటాను. సొంత పని చేసుకునేవాళ్లకి ఇందులో పన్ను మినహాయింపు ఉంది గానీ, పాత పన్ను విధానంలో ఉంటేనే.

కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయొచ్చే పిల్లలూ, పట్టుపురుగులు పెంచే రైతులూ ఈ పథకాల్లో ఏదో ఒకటి ఈ ఏడే తెరవండి. పీపీఎఫ్ అయితే నెలలో ఐదో తేదీలోపు వేయండి. ఐదు దాటాక వేసిన డబ్బుకి ఆ నెల వడ్డీ రాదు.