మంగళవారం ఫైలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధార పొంగింది, కరెంటు పోయింది. మా శ్రీముఖలింగం వైపు ఒక సంఘం ఆఫీసులో కప్పు కారి కంప్యూటరు తడిసి ముద్దయింది. అందులోని పద్దుల డేటాబేసుకు బ్యాకప్ ఏర్పాటు చేసినవాణ్ణి నేనే.

ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్, మిగతా రాత్రుళ్ళు ఇంక్రిమెంటల్. అంటే కిందటి రాత్రి నుంచి మారినది మాత్రమే దాచడం. చిటికెలో అయిపోయేది, చోటూ తక్కువే. నా తెలివికి నేనే మురిసిపోయాను. జనరేటరు పెట్టి వేరే కంప్యూటరులో రీస్టోర్ మొదలుపెట్టాం. ఆదివారానిది ఎక్కింది, సోమవారానిది ఎక్కింది. మంగళవారం ఫైలు పాడైపోయింది.

"బుధవారందుంది కదేటి బాబూ, అదెక్కించీ" అన్నారు గుమాస్తాగారు.

ఎక్కదు. బుధవారం ఫైలులో ఉన్నది మంగళవారం తర్వాతి మార్పులే. మధ్యది లేకుండా అది దేనికీ అతకదు. డిఫరెన్షియల్ పెట్టి ఉంటే గట్టెక్కేవాళ్ళం. అది ఏ రాత్రి తీసినా ఆదివారం నుంచి మారినదంతా దాస్తుంది. వారం గడిచేకొద్దీ బరువెక్కుతుంది, నిజమే. తిరిగి లేపడానికి మాత్రం ఆదివారానిదీ, చివరి రాత్రిదీ, రెండు ఫైళ్ళు చాలు. నేను రోజూ బ్యాకప్ తీసే అయిదు నిమిషాలనే చూసుకున్నాను తప్ప, జనరేటరు వెలుగులో కూర్చునే ఆ రాత్రిని ఊహించుకోలేదు.

జరిగిన ప్రతి మార్పునూ వరసగా దాచే లాగ్ బ్యాకప్ సంగతి వేరు. ఎవరో పదకొండూ పదికి పొరపాటున పట్టిక చెరిపేస్తే పదకొండూ తొమ్మిదికి తీసుకెళ్ళగలిగేది అదొక్కటే. నిమిషానికో లావాదేవీ నడిచే చోట అది లేకపోతే నేరమే. కాగితం రశీదులుండే చిన్న ఆఫీసుకు అంత అక్కర్లేదు. డేటా చిన్నదైతే రోజూ ఫుల్ తీస్తే సరిపోతుంది. ఇంత తేలికైన దారి మా వృత్తిలో ఎవరికీ నచ్చదు, అదేమిటో!

పెద్ద కంపెనీలూ తక్కువ తినలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడు దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. అయిదు రకాల ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ సరిగా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన కాపీయే కాపాడింది.

మా శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి గోడల మీద గాంగ రాజుల నాటి దానాల పద్దులు వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి పాత లిపి చదవగలిగినవాళ్ళే కరువయ్యారు. 1863లో ఈ పక్కనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఆ లిపిని తనంతట తానే నేర్చుకుని చదివాకే ఆ రాళ్ళలోంచి చరిత్ర బయటికొచ్చింది. తెరిచి చదవని బ్యాకప్‌ను నేనిప్పుడు బ్యాకప్‌గా లెక్కపెట్టను.

పోయిన రెండు రోజుల పద్దులూ గుమాస్తాగారు రశీదు పుస్తకం చూసి చదువుతుంటే నేను టైపు చేశాను. ఆ ఆఫీసులో ఇప్పుడు రోజూ ఫుల్ బ్యాకపే. ఒక కాపీ వేరే ఊళ్ళో ఉంటుంది. నెలకోసారి దాన్ని పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, చివరి రశీదు నంబరు ఆయన పుస్తకంతో సరిచూస్తాం.