ఎడిటర్‌ను తిట్టని పనివాడు

వెబ్‌పేజీ ఎడిటర్ మొరాయించిందంటే పని తెలిసినవాడు ముందు ప్రోగ్రామును తిట్టడు. ఎడిటర్లో చక్కగా కనిపించిన బొమ్మ సర్వర్ మీద మాయమైతే దాని చిరునామా చూస్తాడు. అది సొంత కంప్యూటర్ సి డ్రైవ్‌ను చూపిస్తుంటే ఇంకెవరికీ కనిపించదు మరి! లేదా ఫైలు పేరులో ఒక పెద్దక్షరం దూరి ఉంటుంది. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టుకుంటుంది. తెలుగు బదులు తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’లు, డిగ్రీ గుర్తులు బారులు తీరినా గాభరాపడడు. అక్షరాలు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లుగా భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతే తప్పింది. ఆ గందరగోళాన్ని అలాగే సేవ్ చేయనివ్వకపోవడంలోనే అసలు నేర్పంతా ఉంది.

ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కిస్తే పోలేదా అంటారు. ఒక్కోసారి పోతుంది, కాదనను. కానీ పై మూడింటిలో ఒక్కటీ అలా కుదరదు. వాటిలో ప్రోగ్రాం తప్పే లేదు.