బోర్డు లేచే ఆ తొలి నిమిషం

అరచేతిలో ఇమిడే కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై బోర్డు, అమ్మకానికి వచ్చింది 2012 ఫిబ్రవరి 29న. ఆ ఏడాదే తమిళనాడులో, చెన్నై దాటితే చాలు, రోజూ గంటల తరబడి కరెంటు కోతలు. వేలూరులోనైనా, గుడియాత్తంలోనైనా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దేన్ని దాని మీద నడపాలి, దేన్ని ఆపాలి అన్న లెక్క తప్పదు. ఆ లెక్కలో ఈ అరచేతి బోర్డుకు మంచి చోటే దొరుకుతుంది. కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ వేసి, హార్డ్ డిస్క్ తగిలించి, తెలుగు సినిమా పెట్టుకుంటే అది తినే కరెంటు చాలా తక్కువ.

చిక్కంతా లేచేటప్పుడే.

రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డు ఖాళీగా ఉంటే సుమారు 0.30 ఆంపియర్లు, హెచ్.264 వీడియో ఆడిస్తుంటే సగటున 0.33 లాగుతుంది. బూట్ అయ్యేటప్పుడు మాత్రం ఒక్కసారిగా 0.75కు ఎగబాకుతుంది. సరిగ్గా అప్పుడే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెడితే ఇంకో ఆంపియర్ దాకా కావాలి. ఫోన్ చార్జర్‌తో వచ్చిన సన్నటి కేబుల్‌కు 0.3 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి, 1.75 ఆంపియర్ల దగ్గర అరవోల్టు తీగలోనే పోతుంది. 5.1 వోల్టులు బయల్దేరితే బోర్డుకు చేరేది 4.58. వోల్టేజీ తగ్గిందని బోర్డు హెచ్చరించే హద్దు 4.63. తెర మూలన మెరుపు గుర్తు వచ్చేది అందుకే. వెంటనే పెద్ద అడాప్టర్ కొనేస్తారు చాలామంది, పాత కేబుల్ మాత్రం అలాగే ఉంచేస్తారు. ఆ డబ్బు దండగే.

ముందు మార్చాల్సింది కేబుల్, పొట్టిగా మందంగా ఉన్నది పెట్టాలి. తర్వాత బోర్డు బూట్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు. అందులో ఇనిషియల్ టర్బో (initial_turbo) అనే లైనుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పగ్గాలు అందుకునేదాకా, గరిష్ఠంగా 60 సెకన్లు, ప్రాసెసర్‌ను పూర్తి వేగంతో పరుగెత్తించేది అదే. సున్నా పెడితే ఆ పరుగు ఆగుతుంది. బూట్ కాస్త ఆలస్యం కావచ్చు, సినిమా చూసేవాళ్లకు అదేమంత నష్టం? ల్యాన్ తీగ వాడేవాళ్లు వైఫై, బ్లూటూత్ కూడా ఆపేయొచ్చు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ఓవర్‌క్లాక్ లైన్లుంటే నిర్దాక్షిణ్యంగా తీసేయాలి.

కోడి నడపడానికే తయారైన లిబ్రెఎలెక్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కాన్ఫిగ్ ఫైలుండే ఫ్లాష్ విభాగం చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. రాయడానికి వీలుగా దాన్ని మళ్లీ మౌంట్ చేయకపోతే మార్పు సేవ్ కాదు.

హార్డ్ డిస్క్ సంగతి వేరు. ఏ లైను మార్చినా దాని తొలి తిరుగుడు ఖర్చు తగ్గదు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టాలి, లేదా సినిమాలను పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకోవాలి. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకు పెన్‌డ్రైవే మేలు, హబ్ అడాప్టర్ కూడా ఆ బ్యాటరీనే తింటుంది కదా.

మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ రీస్టార్ట్ చేసి, వీసీజెన్‌సీఎండీ (vcgencmd) అనే కమాండ్‌తో గెట్ థ్రాటిల్డ్ (get_throttled) అడగాలి. జీరో ఎక్స్ 0 వస్తే ఆ బూట్‌లో వోల్టేజీ హద్దు కిందికి పడలేదని అర్థం. జీరో ఎక్స్ 50000 వస్తే ఎక్కడో పడింది, బోర్డు వేగమూ తగ్గించుకుంది. అప్పుడు డిస్క్ ఊడదీసి ఇంకోసారి బూట్ చేసి చూస్తే దోషం డిస్క్‌దో కేబుల్‌దో తేలిపోతుంది.