వెలుగూ ఊపిరీ: బ్లూ నోట్ పనితనం

'బ్లూ ట్రేన్' రికార్డు కవరు మీద జాజ్ శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ ఫొటో ఉంటుంది. నిండా నీలం. తల కాస్త వంచి ఉంది, ఒక చెయ్యి తల వెనక్కి పోయింది, ఇంకో చేతి వేళ్లు పెదవుల దగ్గర ఆగాయి. కెమెరా కోసం సర్దుకుని నిలబడ్డ వాలకం కాదది. పని మధ్యలో ఆగి, వాయించాల్సినదాన్ని మనసులో తిప్పుకుంటున్న మనిషి. ఎన్నిసార్లు చూసినా నా కళ్లు ముందు ఆ వేళ్ల మీదికే పోతాయి. ఆ ఫొటో తీసింది ఫ్రాన్సిస్ వుల్ఫ్. లోపలి సంగీతాన్ని టేపుకెక్కించింది రూడీ వాన్ గెల్డర్. ఒకరిది వెలుగుతో పని, ఇంకొకరిది శబ్దంతో పని. చూడగా చూడగా, వినగా వినగా నాకు తోచిందేమిటంటే, ఇద్దరి పనితనంలో ఉన్న గుట్టు ఒక్కటే: కళాకారుడికి దగ్గరగా వెళ్లడం, వెళ్లి అడ్డు రాకపోవడం.

వుల్ఫ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో న్యూయార్క్ చేరారు. ఆయన స్నేహితుడు ఆల్‌ఫ్రెడ్ లయన్ అప్పటికే అక్కడ బ్లూ నోట్ అనే చిన్న రికార్డు కంపెనీ మొదలుపెట్టి ఉన్నారు. 1938 డిసెంబరు 23న కార్నెగీ హాల్లో ఆల్బర్ట్ అమ్మన్స్, మీడ్ లక్స్ లూయిస్‌ల పియానో విని లయన్ ఊరుకోలేకపోయారు. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 6న, వాళ్లిద్దరినీ స్టూడియోకి పిలిచి రికార్డు చేశారు. కంపెనీ పుట్టుకే ఒక శ్రోత ఆరాటం. వుల్ఫ్ వచ్చాక వ్యాపార వ్యవహారాలు చూసుకుంటూ, రికార్డింగులకు కెమెరాతో హాజరయ్యేవారు.

వుల్ఫ్ ఫొటోల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది నలుపు. ముఖం, వేళ్లు, వాయిద్యం మీది లోహం మెరుస్తుంటాయి. వెనక అంతా చీకటి. నల్లటి తెర కట్టి తీశారేమో అనిపిస్తుంది. తెరలేవీ లేవు, రికార్డింగ్ జరుగుతున్న మామూలు గదే. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో ఫ్లాష్ పట్టుకుని, ఆ ఫ్లాష్‌ను పక్కకు చాచి వెలిగించేవారు. దూరం రెట్టింపైతే వెలుగు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్ మనిషికి దగ్గరగా ఉందంటే, వెనక గోడ చేరేసరికి ఆ కాంతిలో సత్తువ మిగలదు. పైగా అది ఎదురుగా కాక పక్కనుంచి పడుతుంది కాబట్టి చెంప ఎముక, కనుబొమల మధ్య ముడి, నుదుటి మీద చెమట స్పష్టంగా తేలతాయి. ఆయన వాడిన వాటిలో రోలీఫ్లెక్స్ ఒకటి. దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకోనక్కర్లేదు, పైనుంచి తొంగి చూస్తే చాలు. వాయించేవాళ్లు ఆయన్ని పట్టించుకోవడం మానేశారని ఆ ఫొటోలే చెబుతాయి. లీ మోర్గన్ అయినా, డెక్స్‌టర్ గోర్డన్ అయినా, ఆర్ట్ బ్లేకీ అయినా, చాలా ఫొటోల్లో చూపు కెమెరా మీద ఉండదు, లోపలికి తిరిగి ఉంటుంది.

ఇక వాన్ గెల్డర్. వృత్తికి ఆప్టోమెట్రిస్టు, పగలు కళ్లు పరీక్షించి కళ్లద్దాలు రాసేవారు. తీరిక వేళల్లో న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో జాజ్ రికార్డు చేసేవారు. ఇల్లు కట్టేటప్పుడే ముందుగది పక్కన కంట్రోల్ రూముకు చోటు ఉంచి, మధ్యలో అద్దం కిటికీ పెట్టించారు. ఆ ఊరి పేరుతో జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ ఒక బాణీయే కట్టారు. వాన్ గెల్డర్ పరికరాలను చేతులకు గ్లవ్స్ తొడుక్కుని ముట్టుకునేవారు, ఇంకెవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. మైకులు ఎక్కడ, ఎలా పెడతారో చెప్పడానికి జీవితాంతం ఇష్టపడలేదు.

చెప్పకపోయినా చెవికి కొంత తెలుస్తుంది. మైకు వాయిద్యానికి దగ్గరగా ఉంటుంది. వుల్ఫ్ ఫ్లాష్‌కు వర్తించే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: మూలానికి దగ్గరైన కొద్దీ గది వెనక్కి తగ్గుతుంది. అక్కడ గోడ చీకట్లో కలిసిపోయింది, ఇక్కడ గోడల ప్రతిధ్వని అణిగిపోయింది. మిగిలేవి శాక్సఫోన్‌లో రీడ్ అదురు, ఊపిరి తీసుకున్న చప్పుడు, డ్రమ్ముల సింబల్ మీద పుల్ల మొన తగిలిన గీర. చిన్న గది బిగువు తెలియకుండా పైన కొద్దిగా కృత్రిమ ప్రతిధ్వని (రెవెర్బ్) కలిపేవారు. ఆయనకు ఇష్టమైన మైకు నాయ్‌మన్ యు-47 జర్మనీలో తయారైంది. రోలీఫ్లెక్స్ కూడా అక్కడిదే. జర్మనీ వదిలి వచ్చిన ఇద్దరు స్నేహితుల కంపెనీకి ఆ దేశపు పనిముట్లే ఇలా ఉపయోగపడడం నన్ను కదిలిస్తుంది.

'బ్లూ ట్రేన్' 1957 సెప్టెంబరు 15న ఆ ముందుగదిలోనే రికార్డయింది. కోల్ట్రేన్‌కు ముప్ఫై నిండి ఏడాది కావస్తోంది, హెరాయిన్ వదిలించుకున్నది ఆ సంవత్సరమే. పక్కన ట్రంపెట్ మీద పంతొమ్మిదేళ్ల లీ మోర్గన్, ట్రాంబోన్ మీద కర్టిస్ ఫుల్లర్, పియానో కెనీ డ్రూ, బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ ఫిలీ జో జోన్స్. శీర్షిక బాణీలో ముందు మూడు వాయిద్యాలు కలిసి ఒక చిన్న, బరువైన పలుకు పలుకుతాయి. పియానో బదులిస్తుంది. మళ్లీ పలుకు, మళ్లీ బదులు. అది ముగిసీ ముగియకుండానే కోల్ట్రేన్ మనోధర్మంలోకి దిగుతారు. ఇక్కడ టెనర్ శాక్సఫోన్ శబ్దం మన ఎదుట నిలువెత్తున నిలబడుతుంది. కింది స్వరాల్లో గరుకు, పైకి పోయినప్పుడు అరుపు అంచుదాకా వెళ్లే పదును, రెండూ టేపు మీద చెదరకుండా ఉన్నాయి. ఇప్పట్లా ఒక్కో వాయిద్యాన్ని వేరే ట్రాకులో పెట్టుకుని తీరిగ్గా సరిచేసే వీలు అప్పుడు లేదు. ఎవరి శబ్దం ఎంత ఉండాలో వాళ్లు వాయిస్తుండగానే ఆయన చెయ్యి నిర్ణయించాలి.

ఒక లోటూ ఉంది. వాన్ గెల్డర్ పియానో నాకు పూర్తిగా నచ్చదు. డ్రూ వేళ్ల స్పష్టత ఉంటుంది గానీ ఆ వాయిద్యపు నిండుదనం రాదు, మూత వేసిన పెట్టెలోంచి వస్తున్నట్టు ఉంటుంది. దగ్గరితనానికి చెల్లించిన మూల్యం అదేనని నా అనుమానం. పియానోకు చుట్టూ గాలి కావాలి.

ఇంతా చేసి, మైకూ కెమెరా మాత్రమే సరిపోవు. ప్రెస్టీజ్ కంపెనీ కూడా ఇదే గదిలో, ఇదే ఇంజనీరుతో, చాలావరకు ఇదే కళాకారులతో రికార్డులు చేసింది. వాటిలో గొప్పవి ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం వచ్చి, కూడి, వాయించి వెళ్లినవి. లయన్ రిహార్సళ్లకు కూడా డబ్బిచ్చేవారు. కొత్త బాణీలు కట్టుకు రమ్మని అడిగేవారు. 'బ్లూ ట్రేన్'లోని 5 బాణీల్లో 4 కోల్ట్రేన్ సొంతం. 'మోమెంట్స్ నోటీస్' లాంటి మెలికల బాణీని ముగ్గురూ ఒక్క గొంతుతో పలికారంటే, ఆ రిహార్సల్ ఫలమే. చేతులు దానికి అలవాటు పడ్డాకే ముఖంలో ఆ నిమగ్నత వస్తుంది, దాన్నే వుల్ఫ్ పట్టుకున్నారు.

కవర్లు వేసిన రీడ్ మైల్స్‌ది వింత సంగతి. 1956 నుంచి దాదాపు పదకొండేళ్లలో కొన్ని వందల కవర్లు చేశారు గానీ ఆయనకు జాజ్ పట్టలేదు, వినేది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. సంగీతం ఎలా ఉందో లయన్ చెబితే విని గీసేవారు. వుల్ఫ్ ఫొటోలను నుదుటి దగ్గర నిర్దయగా కత్తిరించేవారు, వుల్ఫ్‌కు అది కష్టంగా ఉండేది. నా ఓటు మాత్రం మైల్స్‌కే. ఫ్రెడీ హబ్బర్డ్ 'హబ్-టోన్స్' కవరు చూడండి: పియానో మెట్లలా నిలువు పట్టీల వరస, వాటిలో ఒక్కటి ఎర్రగా, నొక్కినట్టు కిందికి జారి ఉంటుంది, అందులో ఇమిడిన చిన్న ఫొటోలో హబ్బర్డ్. వుల్ఫ్ దగ్గరగా తీసినదాన్ని ఒక్కోసారి మైల్స్ ఇలా చిన్నది చేసి, కళ్లను అక్కడికి పరిగెత్తిస్తారు.

1959లో వాన్ గెల్డర్ కళ్లద్దాల పని మానేసి, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో 39 అడుగుల ఎత్తు చెక్క కప్పుతో పెద్ద స్టూడియో కట్టారు. కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' 1964 డిసెంబరులో అక్కడే, ఇంకో కంపెనీ కోసం, పుట్టింది. వుల్ఫ్ 1971లో పోయారు. ఆయన తీసిన ఫొటోల్లో కవర్లకెక్కినవి కొన్నే, మిగతావి చాలాకాలం పెట్టెల్లోనే ఉండిపోయి, 1990ల్లో పుస్తకంగా వచ్చాయి.

జాజ్ ఇదివరకు విననివారు 'బ్లూ ట్రేన్' మొదటి బాణీతోనే మొదలుపెట్టండి. పదిన్నర నిమిషాలు దాటి ఉంటుంది, మధ్యలో ఆపకండి. ఫోను స్పీకరు మీద కాదు, మంచి హెడ్‌ఫోన్లతో వినండి. మొదటిసారి శాక్సఫోన్ వెంటే పొండి, రెండోసారి ఛాంబర్స్ బేస్ వెంట. ఆ తర్వాత వుల్ఫ్ ఫొటోల పుస్తకం ఎక్కడైనా దొరికితే, అదే రికార్డు పెట్టుకుని పేజీలు తిప్పండి.